చివరి ఆయకట్టు బ్యాటరీ

ఒకే ఆల్టర్నేటర్, రెండు బ్యాటరీలు. ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంటుంది, రెండోది రాత్రికల్లా డౌన్. మోటారు పడవల్లో అందరినీ తికమక పెట్టే ఈ చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

జిండెల్ఫింగెన్‌లో పడవ దింపడానికి నీళ్ళు లేవు. ఇది కార్ల ఊరు. 1915లో మొదలైన మెర్సిడెస్ కర్మాగారం, దాన్ని నమ్ముకుని బతికే చిన్నాపెద్దా కంపెనీలు, వాటిలో పనిచేసే మన తెలుగు ఇంజనీర్లు. అయినా ఏప్రిల్ వచ్చేసరికి ఇక్కడి వీధుల్లో ట్రైలర్ల మీద తెల్లటి మోటారు పడవలు తేలతాయి. శుక్రవారం సాయంత్రం కారు వెనక తగిలించుకుని ఏ81 రోడ్డెక్కితే దక్షిణాన బోడెన్‌జే సరస్సు. కాన్‌స్టెన్స్ సరస్సు అని కూడా అనేది దీన్నే. మూడు దేశాల మధ్య 536 చదరపు కిలోమీటర్ల నీళ్ళు.

అలాంటి ఒక పడవ ఊహించుకోండి. ఆరేడు మీటర్ల పొడవు, లోపల చిన్న ఫ్రిజ్, నాలుగు లైట్లు, నీళ్ళ పంపు, దారి చూపే తెర. శనివారం మూడు గంటలు సరస్సు మీద తిరిగారు, ఇంజిన్ ఆగకుండా నడిచింది. సాయంత్రం రేవులో కట్టేసి భోజనాలకి కూర్చున్నారు. రాత్రి పది దాటేసరికి లైట్లు మసకబారాయి, ఫ్రిజ్ టక్కున ఆగిపోయింది. ఇక పొద్దున్న ఇంజిన్ కూడా లేవదనుకుంటే, తాళం తిప్పగానే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది!

ఛార్జింగే లేకపోతే రెండు బ్యాటరీలూ పోవాలి. ఛార్జింగ్ ఉంటే రెండూ నిండాలి. ఒకటి నిండి ఒకటి ఎండడం ఏమిటి? చాలామంది ఇక్కడ ఆలోచించడం ఆపేసి కొత్త బ్యాటరీ కొంటారు. ఏడాది తిరగకుండానే మళ్ళీ అదే పాట. "పోయిన సీజన్‌లోనే మార్చానన్నా, మళ్ళీ పోయింది" అని వాపోతారు. ఆ బ్యాటరీ తనంతట తను పోలేదు. అరకొర ఛార్జింగ్‌తో దాన్ని మనమే చంపుకున్నాం. లోపం సాధారణంగా ఆల్టర్నేటర్‌లోనూ ఉండదు, బ్యాటరీలోనూ ఉండదు. ఆ రెంటి మధ్య దారిలో ఉంటుంది.

ఇంజిన్ లేచినంత మాత్రాన ఏమీ రుజువు కాదు

పడవలో రెండు బ్యాటరీలకి రెండు వేర్వేరు ఉద్యోగాలు. ఒకటి ఇంజిన్ బ్యాటరీ. దాని పని రెండు మూడు సెకన్లు, కానీ ఆ రెండు మూడు సెకన్లలో వందల ఆంపియర్లు ఇవ్వాలి. రెండోది వాడకం బ్యాటరీ. ఫ్రిజ్‌కీ లైట్లకీ నాలుగైదు ఆంపియర్ల చొప్పున రాత్రంతా నింపాదిగా ఇవ్వాలి. రెండు పనులూ ఒకే బ్యాటరీకి అప్పజెబితే ఫ్రిజ్ రాత్రంతా తాగేసి పొద్దున్న ఇంజిన్‌కి ఏమీ మిగల్చదు. నడిసరస్సులో ఇంజిన్ లేవకపోతే రోడ్డు మీదలాగా దిగి తోయడం కుదరదు కాబట్టి రెంటినీ విడదీశారు. ఇంజిన్ నడుస్తుంటే దాంతోపాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రెంటినీ నింపాలి, ఇంజిన్ ఆగగానే రెండూ దేనికది విడిపోవాలి. మైనస్ తీగ రెంటికీ ఉమ్మడి, ప్లస్ దగ్గరే ఈ కలపడం, విడదీయడం.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు మూడు సెకన్లపాటు లాగిందనుకుందాం. అది ఒక ఆంపియర్-గంటలో ఆరో వంతు. ఆల్టర్నేటర్ 20 ఆంపియర్లిచ్చినా అర నిమిషంలో ఆ బాకీ తీరిపోతుంది. అదే ఫ్రిజ్, లైట్లు కలిసి ఒక రాత్రిలో వాడకం బ్యాటరీ నుంచి 40, 50 ఆంపియర్-గంటలు లాగేస్తాయి. అంటే ఇంజిన్ బ్యాటరీ పోగొట్టుకున్నదానికి రెండు మూడు వందల రెట్లు. ఛార్జింగ్ ఎంత నాసిగా ఉన్నా ఇంజిన్ బ్యాటరీ నిండిపోతుంది, దాని అవసరమే అంత తక్కువ. లోపం బయటపడేది వాడకం బ్యాటరీ దగ్గరే. "ఇంజిన్ చక్కగా లేస్తోంది, కాబట్టి ఛార్జింగ్ బాగానే ఉంది" అన్న మాట అందుకే చెల్లదు.

కాలువ నిండా నీళ్ళు, పొలానికి చుక్క రాదు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో పెరిగినవాళ్ళకి ఈ వ్యవహారం అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది. ఆల్టర్నేటర్ అంటే కాలువ తల. ఇంజిన్ బ్యాటరీ ఎగువ ఆయకట్టు, వాడకం బ్యాటరీ చివరి ఆయకట్టు. కాలువలో ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక్కటే చాలదు, మీ తూము దగ్గర నీటిమట్టం మీ పొలం గట్టు కంటే ఎంత ఎత్తున ఉందన్నదే తేలుస్తుంది. మట్టం ఒక జానెడు తగ్గిందా, ఎగువ రైతు పొలం తొణికిసలాడుతున్నా చివరి రైతు పొలంలోకి చుక్క పారదు.

ఆ నీటిమట్టమే వోల్టేజీ. 12 వోల్టుల సీసపు బ్యాటరీ పూర్తిగా నిండి, కదలకుండా ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపిస్తుంది. సగం ఖాళీ అయితే 12.2. దాన్ని నింపడానికి ఆల్టర్నేటర్ ఇచ్చేది 14.4 దాకా. అంటే విద్యుత్తును లోపలికి తోసేది ఆ 14.4 కాదు, 14.4కీ 12.7కీ మధ్య ఉన్న తేడా. 1.7 వోల్టులు, అంతే. దారిలో 0.8 వోల్టు పోయిందనుకోండి. 14.4లో 0.8 ఎంత, ఆరు శాతం కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ తోసే బలంలో అది దాదాపు సగం.

పైగా పొలం నిండేకొద్దీ లోపలి మట్టం కూడా లేస్తుంది. ఛార్జి అవుతున్న బ్యాటరీ ఎదురు వోల్టేజీ పెరుగుతూ పోతుంది. బయట 13.6 మాత్రమే అందుతుంటే మూడొంతులు నిండేసరికి లోపలా బయటా మట్టాలు దాదాపు సమానమైపోతాయి. ఆ తర్వాత చేరేది చుక్కలే, ఒక విహారంలో అవి లెక్కకి రావు. బ్యాటరీ 75, 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆల్టర్నేటర్ దగ్గర మీటరు పెడితే మాత్రం 14.4, అంతా సవ్యం. మెకానిక్ చూసేది అక్కడే.

బాక్స్: ఎప్పుడూ 80 దగ్గరే ఆగితే

సీసపు బ్యాటరీ వాడుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ సన్నటి పొడిగా ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఆ పొడి కరిగి మళ్ళీ సీసం, లెడ్ డయాక్సైడ్, ఆమ్లంగా మారుతుంది. ఇదంతా కొత్త పొడితోనే సాధ్యం. వారాల తరబడి అలాగే వదిలేస్తే పొడి కణాలు కలిసి పెద్ద గట్టి స్ఫటికాలవుతాయి. వాటికి ఛార్జింగ్ లొంగదు. ప్రతి వారం ఆఖరి 20 శాతం నిండకుండా మిగిలిపోతుంటే పలకల్లో ఆ మేరకి భాగం పనికి రాకుండా పోతుంది. అప్పుడు 100 ఆంపియర్-గంటల బ్యాటరీ 80 అవుతుంది. ఇప్పుడు ఆ 80లో 80 శాతమే నిండుతుంది. ఇలా తగ్గుతూ తగ్గుతూ ఒకటి రెండు సీజన్లలో బ్యాటరీ పాతసామాను కొట్టుకి చేరుతుంది. మన ఇళ్ళలో ఇన్వర్టర్ బ్యాటరీ ఇంతకంటే ఎక్కువకాలం బతకడానికి పెద్ద కారణం, అది కరెంటు ఉన్నంతసేపూ గంటల తరబడి నిండుతూనే ఉండడం.

డయోడ్: కాపలాకి పెడితే కూలి తీసుకుంటుంది

రెండు బ్యాటరీలని విడదీయడానికి పాత పడవల్లో వాడిన వస్తువు డయోడ్ ఐసొలేటర్. పక్కటెముకల్లాంటి రెక్కలున్న అల్యూమినియం దిమ్మ, మీద మూడు బోల్టులు. మధ్య బోల్టుకి ఆల్టర్నేటర్, అటూ ఇటూ ఒక్కో బ్యాటరీ. లోపల రెండు డయోడ్లు. డయోడ్ విద్యుత్తును ఒకే దిక్కుకి పోనిస్తుంది కాబట్టి ఒక బ్యాటరీలోది రెండో బ్యాటరీలోకి వెనక్కి రాలేదు. కదిలే భాగం లేదు, అరిగేది లేదు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

కానీ సిలికాన్ డయోడ్ ఊరికే పోనివ్వదు. దాటిన ప్రతిసారీ 0.6 నుంచి 0.9 వోల్టు తీసుకుంటుంది. పావుగంట ఇంజిన్ నడిచాక ఆ రెక్కల దగ్గర చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. 40 ఆంపియర్లు పారుతూ 0.8 వోల్టు పోతే 32 వాట్లు అక్కడే వేడిగా ఆవిరి. అది చెయ్యి పెట్టి తెలుసుకోగల నష్టం, అసలు నష్టం వాడకం బ్యాటరీ దగ్గర 13.6 మించి చేరకపోవడం.

ఇంజిన్ బ్యాటరీకీ ఇదే నష్టం కదా? నిజమే. దానికి తీర్చుకోవాల్సిన బాకీయే లేదు కాబట్టి 13.6తో గడిచిపోతుంది.

ఈ డయోడ్‌కి ఒక నికృష్టమైన గుణం ఉంది. తీగ సన్నదైతే వచ్చే నష్టం పారే విద్యుత్తుతోపాటు తగ్గుతుంది. బ్యాటరీ నిండేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది, తీగలో నష్టమూ తగ్గుతుంది, ఆలస్యంగానైనా చివరి ఆయకట్టు నిండుతుంది. డయోడ్ అలా కాదు. ప్రవాహం ఒకటి రెండు ఆంపియర్లకి పడిపోయినా అర వోల్టుకి పైగా పట్టుకునే కూర్చుంటుంది. సన్న తీగ ఆలస్యం చేస్తుంది, డయోడ్ అసలు నిండనివ్వదు.

విరుగుడు రెండు రకాలు. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌కి వోల్టేజీ చూసుకునే వేరే తీగ ఉంటే, దాన్ని డయోడ్ అవతల బ్యాటరీ ప్లస్‌కి కలపాలి. అప్పుడు రెగ్యులేటర్ తన దగ్గర ఎంతుందో కాక బ్యాటరీ దగ్గర ఎంతుందో చూసి, పోయిన 0.8ని తనే కలిపి పంపుతుంది. ఆ సన్న తీగ ఎక్కడైనా ఊడితే మాత్రం కొన్ని రెగ్యులేటర్లు వోల్టేజీ లేదనుకుని ఎడాపెడా పెంచేస్తాయి, బ్యాటరీ ఉడుకుతుంది. రెండో మార్గం, డయోడ్ పెట్టె తీసేసి మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ల రకం స్ప్లిటర్ పెట్టడం. పని అదే, నష్టం సాధారణంగా వోల్టులో పదో వంతు లోపే. నా ఓటు దీనికే. ఇరవై ఏళ్ళ పడవ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ముందు వెతకాల్సింది ఆ అల్యూమినియం రెక్కల్నే.

తూము దగ్గర లస్కరు

ఇంకో పద్ధతి రిలే. ఇంజిన్ బ్యాటరీ వోల్టేజీని కనిపెట్టుకుని ఉంటుంది. 13.3 దాటిందంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోందని అర్థం, వెంటనే టక్కుమని రెండు బ్యాటరీలనీ కలుపుతుంది. 12.8కి పడిపోతే విడదీస్తుంది. ఎగువ పొలం నిండాక దిగువ తూము ఎత్తే లస్కరు పనే ఇది. కలిసి ఉన్నప్పుడు నష్టం దాదాపు లేదు కాబట్టి చాలా పడవల్లో ఇదే చూస్తాం.

లస్కరుకీ చిక్కులున్నాయి. వాడకం బ్యాటరీ బాగా అడుగంటి ఉండగా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోందనుకోండి. రిలే కలిపిందో లేదో, అది ఒక్కసారిగా లాగేసుకుంటుంది. ఇంజిన్ బ్యాటరీ దగ్గర మట్టం 12.8 కిందికి పడుతుంది, రిలే విడిపోతుంది. విడిపోగానే మట్టం లేస్తుంది, మళ్ళీ కలుస్తుంది. ఇంజిన్ గదిలోంచి టక్ టక్ మని ఆగకుండా వినిపించే చప్పుడు ఇదే. ప్రతి టక్‌కీ లోపలి కాంటాక్టుల మీద చిన్న నిప్పురవ్వ, కొన్నాళ్ళకి అవి గుంటలు పడి నల్లబడతాయి. అప్పుడు రిలే కలిసినట్టే వినిపిస్తుంది, విద్యుత్తు మాత్రం సరిగా పారదు. రిలే కలిసి ఉండగా దాని రెండు బోల్టుల మీదా మీటరు ముళ్ళు పెడితే వోల్టులో పదో వంతు లోపు చూపాలి. అర వోల్టు చూపిస్తే రిలే మార్చేయడమే.

తీగ, లగ్గు, నల్లబడిన రాగి

ప్రపంచంలో తొలి పెట్రోలు మోటారు పడవల్లో ఒకటి ఈ ప్రాంతంలోనే నీళ్ళలో దిగింది. జిండెల్ఫింగెన్‌కి దగ్గర్లోనే ఉన్న కాన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ 1886లో నెకర్ నది మీద దాన్ని నడిపి చూశారు. పెట్రోలు పేలుతుందేమోనని జనం హడలిపోతుంటే, డైమ్లర్ పడవ చుట్టూ తీగలు లాగి, పింగాణీ ఇన్సులేటర్లు బిగించి, ఇది కరెంటు పడవే అన్నట్టు నమ్మించాడని ఇక్కడ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ పడవలో తీగలు వట్టి వేషం. ఇప్పటి పడవల్లో చాలా గొడవ తీగల్లోనే ఉంది.

ఆల్టర్నేటర్ వెనక భాగంలో, వాడకం బ్యాటరీ ముందు సీటు కింద. మధ్య ఆరు మీటర్లు. రాను పోను 12 మీటర్ల తీగ. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి 40 ఆంపియర్లు పంపితే దారిలోనే 1.4 వోల్టులు పోతాయి. చివరికి మిగిలేది 13.0. అదే 35 చదరపు మిల్లీమీటర్ల తీగైతే పావు వోల్టు కంటే తక్కువ. సన్న తీగ వేసినవాడు తప్పు చేశాననుకోడు. 40 ఆంపియర్లకి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ మరీ కాలిపోదు, వేడెక్కుతుందంతే. తీగ కాలకుండా ఉండాలంటే ఎంత లావు కావాలి, వోల్టేజీ పడిపోకుండా ఉండాలంటే ఎంత లావు కావాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. 12 వోల్టుల పడవలో రెండోదే గట్టి పరీక్ష.

తీగ కంటే తంటా లగ్గు దగ్గర, అంటే తీగ కొసకి నొక్కి బోల్టుకి బిగించే లోహపు రింగు దగ్గర. బోడెన్‌జేది మంచినీరే, ఉప్పు లేదు. కానీ పడవ అడుగున ఎప్పుడూ చెమ్మే. రాత్రి చల్లబడి పగలు వేడెక్కుతూ లోపల నీటిబొట్లు కడతాయి. లగ్గు పైన ప్లాస్టిక్ తొడుగు మెరుస్తూనే ఉంటుంది. దాన్ని బ్లేడుతో చీరి చూస్తే లోపల రాగి పోగులు నల్లగా, అక్కడక్కడ పచ్చగా, వేలితో రుద్దితే పొడి రాలుతూ కనిపిస్తాయి. ఆ నలుపు తీగ లోపలికి చాలా దూరం పాకి ఉంటుంది కాబట్టి కొస కత్తిరించి కొత్త లగ్గు వేస్తే చాలదు. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించుకుంటూ పోవాలి, ఒక్కోసారి తీగే అయిపోతుంది. పడవలకి తగరం పూసిన రాగి తీగ వాడమని చెప్పేది ఇందుకే.

ఒక్క పాడైన కీలు నిరోధం ఓమ్‌లో వందో వంతు ఉన్నా 40 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు మింగేస్తుంది. ప్లస్ వైపే కాదు, మైనస్ వైపు కూడా. మైనస్ తీగలన్నీ ఇంజిన్ మీద ఒకే బోల్టుకి చేరతాయి, ఆ బోల్టు కింద రంగు, తుప్పు, గ్రీజు. మనవాళ్ళలో చాలామంది ప్లస్ వైపు మాత్రమే చూసి ఊరుకుంటారు.

బాక్స్: ఎర్ర దీపం మాడితే ఛార్జింగ్ ఆగుతుందా?

ఆగవచ్చు. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతం శాశ్వతమైనది కాదు, తిరిగే చుట్టలోకి కాస్త విద్యుత్తు పంపి తయారు చేసుకోవాలి. ఆ తొలి విద్యుత్తు పాత తరహా అమరికల్లో డాష్‌బోర్డు మీది ఎర్ర ఛార్జింగ్ దీపం గుండానే వెళ్తుంది. దీపం మాడిపోతే ఆ దారి తెగుతుంది. ఇంజిన్ గట్టిగా రేజ్ చేసేదాకా ఆల్టర్నేటర్ మేలుకోకపోవచ్చు. పాత బల్బు తీసి ముచ్చటపడి ఎల్‌ఈడీ పెట్టినా ఇదే గొడవ, దాని గుండా చాలినంత విద్యుత్తు పారదు. డయోడ్ ఐసొలేటర్ పెట్టిన కొన్ని పడవల్లో మరో చిత్రం: ఆల్టర్నేటర్ తన ప్లస్ బోల్టు నుంచే తొలి విద్యుత్తు తీసుకునే రకమైతే, డయోడ్ దాన్ని వెనక్కి రానివ్వదు. అందుకే అలాంటి ఐసొలేటర్లకి ఇగ్నిషన్ నుంచి వచ్చే అదనపు బోల్టు ఒకటి ఉంటుంది. దానికి తీగ వేయకుండా వదిలేసినవి చాలా కనిపిస్తాయి.

జర్మన్ ఇంజిన్ల మీద బోల్టుల పక్కన అంకెలుంటాయి. 30 బ్యాటరీ ప్లస్, 31 మైనస్, 15 ఇగ్నిషన్, 50 సెల్ఫ్, 61 ఈ ఎర్ర దీపం. కార్లకీ ఇవే అంకెలు. స్టుట్‌గార్ట్‌లోని బాష్ కంపెనీ 1913లోనే జనరేటర్, బ్యాటరీ, రెగ్యులేటర్, లైట్లు ఒకే సెట్టుగా కార్లకి అమ్మింది. పడవ విద్యుత్తు ఆ కారు విద్యుత్తుకి పిల్లే.

మీటరు పట్టుకుని కాలువ వెంట

కొనాల్సింది బ్యాటరీ కాదు, ముందు ఒక మల్టీమీటరు. డీసీ విద్యుత్తు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే మరీ మంచిది.

మొదలుపెట్టే ముందు ఉంగరాలు, కడియాలు తీసి జేబులో వేసుకోండి. బంగారు ఉంగరం ప్లస్‌కీ స్పానర్‌కీ మధ్య చిక్కితే వేలి మీదే ఎర్రగా కాలుతుంది. పెట్రోలు ఇంజినైతే గది తెరిచి, బ్లోయర్ వేసి, వాసన పోయాకే చెయ్యి పెట్టాలి. ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది, నిప్పురవ్వ పనికిరాదు. ఇంజిన్ నడుస్తుండగా మెయిన్ స్విచ్ తిప్పితే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు ఎగిరిపోవచ్చు. రేవులో గట్టు మీది 230 వోల్టుల జోలికి మాత్రం మనం పోకూడదు, దానికి ఎలక్ట్రీషియన్ ఉన్నాడు.

అన్నీ ఆపేసి కొన్ని గంటలు వదిలేశాక రెండు బ్యాటరీల బోల్టుల మీదా కొలవండి. ఇంజిన్‌ది 12.7, వాడకానిది 12.1 చూపిస్తే మనం అనుకున్న జబ్బే. తర్వాత ఇంజిన్ నడిపి వేగం నిమిషానికి 1500 చుట్ల దాకా పెంచి, ఆల్టర్నేటర్ ప్లస్ బోల్టు, దాని ఒంటి మధ్య కొలవండి. అక్కడే 14 రాకపోతే లోపం తల దగ్గరే: బెల్టు వదులు, ఎర్ర దీపం, రెగ్యులేటర్. అక్కడ 14.3 ఉండి వాడకం బ్యాటరీ దగ్గర 13.4 ఉంటే 0.9 ఎక్కడో దారిలో పోతోంది.

ఎక్కడో పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. మీటరు నల్ల ముల్లుని మైనస్ మీద కాక ఆల్టర్నేటర్ ప్లస్ మీదే ఉంచండి. ఎర్ర ముల్లుని దారి వెంట ఒక్కో మజిలీకి జరుపుతూ పొండి: ఐసొలేటర్ లోపలికి వచ్చే బోల్టు, బయటికి వెళ్ళే బోల్టు, ఫ్యూజు ఇటు, ఫ్యూజు అటు, స్విచ్, చివరికి బ్యాటరీ సీసపు బోల్టు. మైనస్ గుర్తు పట్టించుకోకండి, అంకె చూడండి. 0.05, 0.07, 0.80. ఆ దూకుడు ఎక్కడ కనిపించిందో దొంగ అక్కడే. లగ్గు మీద కొలిచి, మళ్ళీ ఆ లగ్గు కూర్చున్న బోల్టు మీద కొలవడం మరిచిపోకండి. రెండూ అంటుకున్నట్టే కనిపిస్తాయి, మధ్య అర వోల్టు దాక్కుంటుంది. ఇదే నడక మైనస్ వైపు ఇంకోసారి.

ఈ కొలతలన్నీ విద్యుత్తు జోరుగా పారుతున్నప్పుడే తీయాలి. వాడకం బ్యాటరీ నిండుగా ఉంటే ప్రవాహం ఉండదు, ప్రవాహం లేని కాలువలో అంతటా మట్టం ఒకటే, లోపం కనపడదు. అందుకని ముందు రోజు రాత్రి ఫ్రిజ్ వేసి బ్యాటరీని సగం దింపి ఉంచుకోవాలి. గంట నడిచాక ఇంకోసారి కొలవండి. నష్టం బాగా తగ్గితే తీగలో, లగ్గులో జబ్బు. అర వోల్టుకి పైగా మొండిగా నిలిచిపోతే డయోడ్.

దారంతా బాగుండి, బ్యాటరీ బోల్టుల దగ్గర 14.3 చేరుతున్నా రాత్రికి డౌన్ అవుతుంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించండి. దుకాణంలో లోడ్ టెస్టు చేయించి, కొత్తది కొనేది అప్పుడు.

గట్టు మీది ఛార్జర్

రేవులో కరెంటుకి తగిలించే ఛార్జర్లకి రెండు మూడు అవుట్‌పుట్లుంటాయి. పెట్టె మీద 30 ఆంపియర్లని రాసి ఉంటే చాలా ఛార్జర్లలో అది అన్నిటికీ కలిపి. ఇంకో మెలిక, చౌకరకాల్లో మెదడు ఒకటే. రెండు బ్యాటరీల్లో ఒకటి ముసలిదై ఎంతకీ నిండకపోతే, ఛార్జర్ ఇంకా పని మిగిలే ఉందనుకుని ఎక్కువ వోల్టేజీ ఆపదు. నిండిన రెండో బ్యాటరీ నీళ్ళు ఉడికిపోతాయి. ముసలిదాని పక్కన కొత్తది సమాంతరంగా కలిపి పెట్టడం ఇంకా చేటు, కొత్తది రాత్రంతా ముసలిదాన్ని పోషిస్తూ తనూ మంచాన పడుతుంది.

చలి సంగతి మనవాళ్ళు పట్టించుకోని విషయం. సీసపు బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు సరిపోతే, 5 డిగ్రీల దగ్గర ఇంచుమించు 14.9 కావాలి, 45 డిగ్రీల విజయవాడ మే నెలలో 13.9 చాలు. ఏప్రిల్ మొదట్లో జిండెల్ఫింగెన్ గ్యారేజీలో వేడి కొలిచే తీగ లేని ఛార్జర్ పెడితే పచ్చ దీపం వెలుగుతుంది, బ్యాటరీ నిండదు.

ఏ లోపమూ లేకపోతే?

ఒక్కోసారి తీగలు మంచివి, స్ప్లిటర్ మంచిది, అయినా శనివారం రాత్రి ఫ్రిజ్ ఆగుతుంది. అప్పుడు తప్పు లెక్కలో ఉంది. బోడెన్‌జేలో ఒడ్డు నుంచి 300 మీటర్ల లోపు గంటకి 10 కిలోమీటర్లు మించకూడదు, బయట కూడా 40 దాటకూడదు. ఊళ్ళు చూసుకుంటూ నింపాదిగా పోతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ 20 ఇస్తే గొప్ప. అందులో సగం ఇంజిన్ అవసరాలకీ, తెరకీ, ఫ్రిజ్‌కీ అక్కడికక్కడే పోతుంది. మిగిలిన 10 చొప్పున రెండు గంటలకి 20 ఆంపియర్-గంటలు. రాత్రి పోయింది 45.

పైగా ఆఖరి 20 శాతం దగ్గర తొందర కుదరదు. ఎంత పెద్ద ఆల్టర్నేటరైనా ఆ దశలో బ్యాటరీ తీసుకునేది కొద్దికొద్దిగానే, నాలుగైదు గంటలు పడుతుంది. ఏ విహారం ఇంజినూ దాన్ని పూర్తి చేయలేదు. రేవులో ఉంచే పడవకి కప్పు మీద 100 వాట్ల సోలార్ పలక ఆ పని చేస్తుంది. జూన్‌లో ఫ్రిజ్‌ని అది ఒక్కటే లాగలేకపోయినా, సోమవారం నుంచి గురువారం దాకా పడవ ఖాళీగా ఉన్నప్పుడు మిగిలిన 20 శాతాన్ని తీరిగ్గా నింపుతుంది. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఆదివారం రాత్రి చిన్న ఛార్జర్ తగిలించి వారమంతా వదిలేస్తే సరి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళకి వీధిలోకి వైరు లాగడం కుదరదు. పాతిక కిలోలు దాటిన బ్యాటరీని భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కాలి.

లిథియం బ్యాటరీ వైపు మనసు లాగేది ఎక్కువగా అక్కడే, దాని బరువు సగం. కానీ పాత బ్యాటరీ తీసి ఆ స్థలంలో లిథియం పెట్టేస్తే అయిపోదు. అది ఎంత ఇస్తే అంత తీసుకుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ పూర్తి జోరు మీద గంటల తరబడి నడిచి మాడుతుంది. లోపలి రక్షణ సర్క్యూట్ ఉన్నట్టుండి తెంపేస్తే ఆ ఎగిసిన వోల్టేజీకి ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. రిలే సంగతి ఇంకా తమాషా. నిండిన లిథియం బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా 13.3 దగ్గరే ఉంటుంది, ఇంజిన్ ఆగినా రిలే ఛార్జింగ్ నడుస్తోందనుకుని తూము దించదు. అందుకని మధ్యలో 30 ఆంపియర్లకి మించి లాగనివ్వని డీసీ-డీసీ ఛార్జర్ ఒకటి తప్పనిసరి. అది తన దగ్గరికి 13 వోల్టులే వచ్చినా 14.2కి పెంచి అవతలికి ఇస్తుంది, సన్న తీగ పాపం కూడా కొంత కడిగేస్తుంది.

సున్నా డిగ్రీల కింద లిథియంని ఛార్జి చేయకూడదు, లోపల లోహం పేరుకుని పాడవుతుంది. అక్టోబరులో పడవ ఒడ్డెక్కాక దాన్ని సగం ఛార్జిలో సెల్లార్‌లో పెట్టాలి. సీసపు ఇంజిన్ బ్యాటరీ పద్ధతి దీనికి తలకిందులు. అది పూర్తిగా నిండి ఉంటే మైనస్ 50 దగ్గర కూడా గడ్డకట్టదు, ఖాళీగా ఉంటే లోపల మిగిలేది దాదాపు నీళ్ళే, మైనస్ పది లోపే మంచుగా గడ్డకట్టి పెట్టె పగులుతుంది. దాన్ని నింపి, మైనస్ తీగ విప్పి, రెండు నెలలకోసారి మళ్ళీ నింపుతూ ఉండాలి.